తలమీది గుడ్డా, మన తీర్మానమూ

నాయుడుపేటలో ఈమధ్య జరిగిన సాహిత్య గోష్ఠి చివర ఒక తీర్మానం చదివారు. స్త్రీవిద్యను గురించిన తీర్మానం. బాలికల హాస్టళ్ళ దుస్థితి, చీకటిపడితే పల్లెలకు బస్సులు లేకపోవటం, ఇంటర్మీడియెట్ పూర్తికాకముందే పెళ్ళిళ్ళు చేసి పంపటం, ఇవన్నీ ఉన్నవి. బాగానే ఉన్నవి. నాలుగో వాక్యం దగ్గర మాత్రం నేను లేచి నిలబడవలసివచ్చింది. తలను గుడ్డతో కప్పుకొనే ఆచారం స్త్రీ బానిసత్వానికి చిహ్నం గనుక విద్యాలయాలలో దాన్ని నిషేధించాలని ఆ వాక్యం అంటున్నది.

తీర్మానం రాసిన మిత్రుడు ఉపాధ్యాయుడు, నిజాయితీపరుడు. సంఘం చందా ఒక్కసారి బాకీపడి ఎరగడు. మతోన్మాదులతో ఆయనకు సంబంధం ఉన్నదని ఎవరైనా అంటే ముందు నేనే వాళ్ళతో తగాదా పెట్టుకుంటాను. అందుకనే ఈ వాక్యాన్ని గురించి ఇంత వివరంగా రాయవలసివస్తున్నది. ఇదే వాక్యాన్ని అవతలివాళ్ళు రాస్తే దాని అర్థం మన పిల్లలకు కూడా వెంటనే తెలుస్తుంది. మనవాళ్ళు రాసేటప్పటికి అది అభ్యుదయంగా కనిపించింది.

వాక్యంలో ఉన్నమాట "స్త్రీ". కాని ఆ గదిలో కూర్చున్న నలభైమందిలో ఒక్కరికైనా ఆ మాట వినగానే తమ తల్లి గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చింది నల్ల బురఖా. ఇది నా ఊహ కాదు. తరవాత చర్చలో లేచినవారందరూ ఆ ఒక్కదాన్ని గురించే మాట్లాడారు.

ఆ రోజు ఆదివారం. గోష్ఠికి నేను బస్సు స్టాండునుంచి నడిచి వచ్చాను. తిరుపతినుంచి శ్రీకాళహస్తి మీదుగా వచ్చే రోడ్డు చెన్నై–కలకత్తా హైవేలో కలిసేచోటు గనుక నాయుడుపేటలో అన్నిరకాల మనుషులూ బస్సు మారుతుంటారు. అరగంటలో నేను చూసిన తలలేమిటో చెబుతాను. కొండమీద తలనీలాలు ఇచ్చి దిగివచ్చిన ఆడవాళ్ళున్నారు; గుండుకు గంధం పూసుకుని, ఎండకో సిగ్గుకో పైన తువ్వాలు చుట్టుకున్నారు. చేలో పనికి పోయి వస్తున్న కూలి స్త్రీలున్నారు. మగవాళ్ళు తలగుడ్డ చుట్టినట్టే బిగించి చుట్టుకున్నారు. ప్రార్థన ముగించుకుని వస్తున్న క్రైస్తవ స్త్రీలున్నారు. వాళ్ళలో కొందరు నెత్తిన వేసుకున్న ముసుగు ఇంకా దించలేదు. స్కూటీలమీద పోయే కాలేజీ పిల్లలున్నారు. కళ్ళు తప్ప మరేమీ కనపడకుండా చున్నీ చుట్టుకున్నారు. నీళ్ళ కుళాయి దగ్గర ఒక ముస్లిము తల్లీ కూతురూ నిలబడి ఉన్నారు. తల్లి చీరకొంగు నెత్తిన వేసుకున్నది, కూతురు గడ్డం కింద పిన్ను పెట్టి హిజాబు కట్టుకున్నది.

వీళ్ళలో బానిస ఎవరు? తలమీది గుడ్డే బానిసత్వానికి కొలత అయితే అందరికన్నా పెద్ద బానిస స్కూటీ పిల్ల కావాలి. హిజాబు పిల్ల ముఖం కనిపిస్తున్నది. ఈ పిల్ల ముక్కుకూడా కనపడదు. అడిగితే ఎండ అంటుంది, దుమ్ము అంటుంది. నిజమే. (నిజంలో మరొక పాలుకూడా ఉన్నది. ఎవరి బండిమీద ఎక్కడికి పోతున్నదో ఊళ్ళోవాళ్ళు ఆనవాలు కట్టకుండా ఉండటానికి ఆ చున్నీ బాగా పనికివస్తుంది. మన ఊళ్ళలో ఆడపిల్లకు కాస్త ఏకాంతం కావాలంటే ఆ గుడ్డ తప్ప మరేమీ లేదు.) ఆ పిల్లను కాలేజీ గేటు దగ్గర ఆపి "ముందు బానిసత్వం విప్పి రా" అని ఎవరూ అనలేదు. క్రైస్తవ స్త్రీ ముసుగు మతానికి సంబంధించినదే. ప్రార్థించే స్త్రీ తల కప్పుకోవాలని కొరింథీయులకు రాసిన లేఖలో పౌలు వాదించాడు. దాన్ని గురించీ మనకు తీర్మానం లేదు. మొక్కు తీర్చుకుని గుండు చేయించుకున్న స్త్రీని చూసి జాలిపడే హేతువాదులున్నారు గాని, ఆమెను బడిలోకి రానివ్వవద్దని అన్నవాణ్ణి నేను చూడలేదు. పోగా పోగా మిగిలింది ఒక్క పిల్ల. నలభైమంది విద్యావంతులు కూర్చుని చేసిన తీర్మానం తగిలేది ఆ ఒక్కపిల్లకే.

ఈ మాట అంటే మిత్రుడు నన్నొక ప్రశ్న వేశాడు. మంచి ప్రశ్న. "ఆ తల్లి కొంగుతో సరిపెట్టుకున్నది, కూతురు హిజాబు కట్టింది. ఇది వెనకడుగు కాదా?" అన్నాడు.

పైకి అలాగే కనిపిస్తుంది. మా వైపు దూదేకుల కుటుంబాలను చూసినవారికి తెలుసు. తరతరాలుగా ఆ స్త్రీలు చీరకట్టులోనే ఉన్నారు, ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నారు, వాళ్ళలో చాలామంది బురఖా ఎరగరు. ఇప్పుడు కొన్ని ఇళ్ళలో హిజాబు వచ్చిన మాట వాస్తవం. ఎందుకు వచ్చిందో ఆలోచించాలి. కడప, చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల ఆడవాళ్ళు వేలమంది కువైటుకు ఇంటిపనికి పోయారు. అక్కడ కొన్ని ఇళ్ళలో హిందూ పనిమనిషికూడా తల కప్పుకోక తప్పదు. అక్కడి డబ్బుతోపాటు అక్కడి మర్యాదకూడా వచ్చింది. 1992లో బాబ్రీ మసీదు కూల్చారు, 2002లో గుజరాత్ నరమేధం జరిగింది. తన పేరు చెబితే అద్దెకు ఇల్లు దొరకని మనిషి, ఆ పేరునే గట్టిగా పట్టుకోవటంలో వింత ఏమున్నది? ఇవన్నీ ఒక ఎత్తు, ఇంకొకటి ఒక ఎత్తు. ఆ తల్లి హైస్కూలు గడప తొక్కి ఉండదు. ఆ కూతురు చేతిలో డిగ్రీ పుస్తకాలున్నవి. గుడ్డను మాత్రమే చూసేవారికి వెనకడుగు కనిపిస్తుంది. చేతిలో పుస్తకాలను కూడా చూస్తే లెక్క అంత తేలికగా తెగదు. అనేక ఇళ్ళలో ఆ గుడ్డ గడప దాటటానికి ఇచ్చిన అనుమతిచీటీ. అనుమతిచీటీ అవసరం లేని ఇల్లు కావాలని నేనూ కోరుతున్నాను. కాని చీటీ చింపితే గడప మాయమైపోదు, పిల్ల లోపలే ఉండిపోతుంది.

ఇది నాకు పుస్తకాలనుంచి తెలిసింది కాదు. ఇరవై ఏళ్ళక్రితం, నేను పాఠాలు చెప్పిన ఒక కాలేజీలో, మొదటి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయిని తలమీది గుడ్డ తీసి కూర్చోమన్నాను. కోపంతో కాదు, హితబోధగా. స్త్రీ స్వేచ్ఛను గురించి పావుగంట ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ అమ్మాయి గుడ్డ విప్పి మడిచి సంచీలో పెట్టుకున్నది. నాకు సంతోషం వేసింది. పదిరోజులు అలాగే కూర్చున్నది. పదకొండోరోజు రాలేదు. తోటిపిల్లలను అడిగితే, "ఎవరో ఇంట్లో చెప్పారంట సార్, ఇంక పంపరంట" అన్నారు. నేను ఆ ఇంటికి వెళ్ళలేదు. వెళ్ళటానికి నాకు ముఖం చెల్లలేదు. ఆ అమ్మాయి ఇంటర్మీడియెట్ పూర్తి చేయలేదు. నా పావుగంట అభ్యుదయానికి ధర ఆ పిల్ల చెల్లించింది, నేను కాదు.

ఇక సంప్రదాయం సంగతి. ముసుగు ముస్లిములతో వచ్చిందనీ, మన ఇళ్ళలో ఆడది తల ఎత్తుకు తిరిగిందనీ మనలోకూడా కొందరు నమ్ముతారు. నాయుడుపేటకు పొరుగున ఉన్న వెంకటగిరి సంస్థానంలో రాణులది గోషా. గొప్ప ఇళ్ళ ఆడవాళ్ళు పరాయి మగవాడి కంట పడటం ఘనతకు భంగం. 1885లో మద్రాసులో మేరీ షార్లీబ్ అనే వైద్యురాలి పూనికతో ఆడవాళ్ళకు ఆసుపత్రి పెడితే, దాని పేరే "కులస్త్రీలకూ గోషా స్త్రీలకూ" అన్న అర్థంలో పెట్టవలసివచ్చింది. దాని భవనానికి వెంకటగిరి రాజా పెద్ద విరాళం ఇచ్చాడు. ఇప్పుడది తిరువళ్ళిక్కేణిలోని కస్తూరిబా గాంధీ ఆసుపత్రి. ఈ గోషా ఎట్లా సాగిందో ఒక్కసారి ఆలోచించండి. రాణి గదిలో ఉండాలంటే నీళ్ళు తెచ్చే ఆడది ఒకతె ఉండాలి, వడ్లు దంచే ఆడది ఒకతె ఉండాలి, పొలంలో నాట్లు వేసేవాళ్ళు ఇరవైమంది ఉండాలి. వాళ్ళకు గోషా లేదు, ఉండటానికి వీల్లేదు. వాళ్ళు ఎండలో తిరిగినందువల్ల స్వతంత్రులు కాలేదు. ముసుగులో ఉన్న రాణి వాళ్ళకన్నా తక్కువ బానిసా, ఎక్కువ బానిసా అనే ప్రశ్నకు గుడ్డను కొలిచి సమాధానం చెప్పలేం. భూమి ఎవరిదో అడగాలి.

మరొక ముసుగు ఉన్నది, దాన్ని గురించి మన పెద్దలు ఎక్కువ మాట్లాడరు. అగ్రహారాలలో భర్త పోయిన బాలికకు జుట్టు తీయించి, ఆ బోడితలమీద తెల్లచీర కొంగు కప్పేవారు. జీవితాంతం ఆ కొంగు జారకూడదు. అది మతమూ, సంప్రదాయమూ రెండూను. ఆ ఆచారాన్ని కదిలించటానికి వీరేశలింగం పంతులు ఏం చేశాడో గుర్తుచేసుకోవాలి. కొంగు తీసేయమని శాసనం చేయించలేదు. బడి పెట్టాడు, పత్రిక పెట్టాడు, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం చేయించాడు. ఆ వధూవరులకు పురోహితుడు, వంటమనిషి, చివరకు నీళ్ళు మోసే మనిషికూడా దొరక్కుండా ఊరు వెలివేస్తే తాను అండగా నిలబడ్డాడు. కొంగు తీసిన తరవాత ఆ పిల్ల ఎక్కడ నిలబడాలో ఆ స్థలం ఆయన ముందుగా కట్టిపెట్టాడు.

గుడ్డ కప్పుకోవటానికే పోరాడిన స్త్రీలుకూడా ఈ దేశంలోనే ఉన్నారు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ముమీద గుడ్డ వేసుకోరాదని అగ్రకులాలు శాసిస్తే, వాళ్ళు దెబ్బలు తిని, ఇళ్ళు తగలబెట్టించుకుని పోరాడారు. 1859లో రాజు ప్రకటన ద్వారా ఆ హక్కు దక్కింది. ఇంకా దూరం పోతే, 1786లో లూసియానాను ఏలుతున్న స్పానిషు గవర్నరు మిరో, ఆఫ్రికా సంతతి స్త్రీలు తమ జుట్టును అలంకరించుకుని తిరగరాదనీ, తలకు గుడ్డ కట్టుకుని తీరాలనీ ఉత్తర్వు వేశాడు. తెల్లవాళ్ళతో సమానంగా కనిపించకుండా చేయటానికి వేసిన ముద్ర అది. ఆ స్త్రీలు ఏం చేశారు? గుడ్డే కదా కట్టమన్నావు అని, రంగురంగుల గుడ్డలు తెచ్చి, కిరీటాల మాదిరి చుట్టి, ఆ ముద్రనే అందం చేసుకున్నారు. అమెరికాలో నల్లజాతి స్త్రీలు నేటికీ తలకు చుట్టుకునే గుడ్డలో బానిస దినాల జ్ఞాపకమూ ఉన్నది, ఆఫ్రికా తల్లుల జ్ఞాపకమూ ఉన్నది, షోకూ ఉన్నది. ఈ మూడింటినీ విడదీసి ఇది వారసత్వం, ఇది బానిసత్వం, ఇది ఫేషను అని తీర్మానం రాయగల వారుంటే రాయమనండి.

ఇప్పుడు కర్ణాటకకు వద్దాం, ఎందుకంటే మన తీర్మానానికి అసలు మాతృక అక్కడున్నది. 2021 చివర ఉడుపిలోని ప్రభుత్వ బాలికల కాలేజీలో హిజాబు కట్టుకున్న కొద్దిమంది విద్యార్థినులను క్లాసులోకి రానివ్వలేదు. 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వం యూనిఫారం పేరుతో ఉత్తర్వు ఇచ్చింది. కాషాయ కండువాలు కప్పుకున్న కుర్రాళ్ళు కాలేజీ ఆవరణల్లో నినాదాలు చేశారు. మార్చి 15న హైకోర్టు, హిజాబు ఇస్లాములో అత్యవసరమైన ఆచారం కాదని చెప్పి ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు తీర్పులు ఇచ్చారు. జస్టిస్ హేమంత్ గుప్తా నిషేధాన్ని నిలబెట్టారు. జస్టిస్ సుధాంశు ధూలియా దాన్ని కొట్టివేస్తూ, తన మనసులో అన్నిటికన్నా ముందున్నది ఆడపిల్ల చదువేనన్నారు. ఈ రెండు తీర్పులలో మన తీర్మానం ఏ తీర్పు పక్కన నిలబడుతున్నదో మిత్రుడు చూసుకోవాలి.

హిజాబు ఇస్లాముకు అత్యవసరమా కాదా అన్న ప్రశ్నలో మనం దిగనవసరం లేదు. అది ముల్లాలూ న్యాయమూర్తులూ తేల్చుకునే ప్రశ్నగా మారినప్పుడే పిల్ల ఓడిపోయింది. ఆమెకు చదువుకునే హక్కు ఉన్నది. ఆ హక్కు తలమీద ఏమున్నది అన్నదానిమీద ఆధారపడరాదు. మనకింతే చాలు. అంబేడ్కర్ పర్దాను తీవ్రంగా విమర్శించాడని కొందరు ఈమధ్య కొత్తగా కనిపెట్టి చెబుతున్నారు. విమర్శించాడు, ఎవరు కాదన్నారు? ఆ అంబేడ్కరే హిందూ స్త్రీకి ఆస్తి హక్కూ విడాకుల హక్కూ ఇచ్చే బిల్లు తెస్తే దాన్ని సాగనివ్వనిది ఎవరు? 1951లో ఆయన మంత్రిపదవి వదులుకోవటానికి అదీ ఒక కారణం కాదా? ఆ పుటలు వదిలేసి ఈ పుట మాత్రమే చదివేవారి చేతిలో పుస్తకం ఉన్నా లేకపోయినా ఒకటే.

నిషేధంవల్ల ముసుగు పోతుందనే ఆశ కొందరు కమ్యూనిస్టులకు కూడా ఒకప్పుడు ఉండేది. 1927 మార్చి 8న ఉజ్బెకిస్తాను నగరాల్లో వేలమంది స్త్రీలు బహిరంగ సభల్లో తమ ముసుగులు తీసి మంటల్లో వేశారు. వాళ్ళ ధైర్యానికి నేను నమస్కరిస్తాను. కాని పైనుంచి ప్రచారోద్యమంగా నడిపిన ఆ పని ఏం తెచ్చిందో దాచకూడదు. ముసుగు తీసిన స్త్రీలను వందలకొద్దీ చంపారు, చంపింది చాలాచోట్ల సొంత మగవాళ్ళే. నూర్‌ఖాన్ అనే యువ నర్తకిని 1929లో సొంత అన్నే పొడిచి చంపాడు. అనేకమంది భయపడి మళ్ళీ ముసుగు వేసుకున్నారు. తరవాత దశాబ్దాలలో ఆ ముసుగు నిజంగానే అంతరించింది. బళ్ళు వచ్చి, ఫ్యాక్టరీలు వచ్చి, ఆడది తన జీతం తాను తెచ్చుకున్నాక అంతరించింది. మంటకన్నా జీతం బాగా పనిచేసింది. ఇటు అల్జీరియా చూడండి. 1958 మేలో అల్జీర్సులో ఫ్రెంచి సైన్యం వారి పెద్దమనుషులు సభ పెట్టి స్థానిక స్త్రీల ముసుగులు తీయించారు. తమ దేశాన్ని ఆక్రమించినవాడు తీయమన్నందుకే ఎందరో స్త్రీలు దాన్ని మళ్ళీ పట్టుకున్నారు. ఫానన్ మరుసటి ఏడు తన పుస్తకంలో ఈ సంగతిని వివరించాడు. మన సంఘాలలో ఫానన్ పేరు చెప్పనివారు లేరు, ఈ అధ్యాయం చదివినవారు మాత్రం తక్కువగా కనిపిస్తున్నారు.

ఇంతవరకూ చదివి సంతోషిస్తున్న మరొక రకం మిత్రులున్నారు. "చూశారా, అది ఆమె ఇష్టం" అంటారు. వాళ్ళతోకూడా నాకు పేచీ ఉన్నది.

ఇరానులో 1936లో రెజా షా పోలీసులు వీధుల్లో ఆడవాళ్ళ ముసుగులు లాగేశారు. 1979లో కొత్త ప్రభుత్వం ముసుగు వేసుకోమన్నది; ఆ మార్చి 8ననే టెహరాను స్త్రీలు వేలుగా వీధుల్లోకి వచ్చి ఎదిరించారు; 1983నాటికి తల కప్పని స్త్రీకి కొరడా దెబ్బలు శిక్షగా చట్టమైంది. 2022 సెప్టెంబరు 16న, తల సరిగా కప్పుకోలేదని పట్టుకుపోయిన ఇరవైరెండేళ్ళ మహసా అమీనీ పోలీసుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్నది. ఆ తరవాత ముసుగులు తీసి వీధుల్లో ఊపిన ఆడపిల్లలు ఉడుపి పిల్లలకు శత్రువులా? కారు. తన తలమీద పోలీసు చెయ్యి పడకూడదని ఇద్దరూ అడుగుతున్నారు. ఉడుపి పిల్లను సమర్థిస్తూ టెహరాను పిల్లనుగురించి నోరు మెదపని మతపెద్దకు "ఆమె ఇష్టం" అనే మాట వాడే అర్హత లేదు. అఫ్ఘనిస్తానులో 2021నుంచి ఆడపిల్లల హైస్కూళ్ళకు తాళం వేసినవారిని ఖండించకుండా ఇక్కడ స్త్రీవిద్య పేరెత్తేవాడికీ లేదు.

తెలుగుదేశంలోనే ఒక మచ్చు ఉన్నది. 2023 జూన్‌లో హైదరాబాదులో ఒక మహిళా కాలేజీ దగ్గర పరీక్షకు వచ్చిన విద్యార్థినులచేత బురఖాలు తీయించారు. అప్పటి తెలంగాణ హోంమంత్రి మహమూద్ అలీ, ఎవరిష్టం వచ్చిన దుస్తులు వారు వేసుకోవచ్చన్నారు. బాగున్నది. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగక, ఆడవాళ్ళు పొట్టి దుస్తులు వేసుకుంటే చిక్కులు వస్తాయనీ, ఒళ్ళు కప్పుకోవాలనీ ఉపదేశించారు. పిల్లల హక్కును సమర్థించటానికి నోరు తెరిచిన పెద్దమనిషి, నోరు మూసేలోపల దాన్ని మళ్ళీ తీసేసుకున్నాడు. హిందూ మంత్రులు ఇలాంటి ఉపదేశాలు ఎన్ని చేశారో లెక్కపెట్టటం నాకు చేతకాదు.

మనకు ఈ విషయం చెప్పవలసినవారు వేరే ఉన్నారు, చెబుతూనే ఉన్నారు. తన కవితా సంపుటికి "నఖాబ్" అని పేరు పెట్టిన షాజహానా వంటి ముస్లిం స్త్రీలు తెలుగులో రాస్తున్నారు. సొంత ఇంటి మగవాళ్ళతోనూ, మనబోటి ఉద్ధారకులతోనూ ఒకేసారి పోట్లాడుతున్నారు. మన గోష్ఠికి అలాంటివారిని ఒక్కరినైనా పిలవలేదు. తీర్మానం మాత్రం రాశాం.

షోకు సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2016లో డోల్చే అండ్ గబ్బానా కంపెనీ హిజాబులు అమ్మకానికి పెట్టింది, 2017లో నైకీ కంపెనీ ఆటలాడే స్త్రీలకు హిజాబు తయారుచేసింది. పెట్టుబడిదారుడికి తల కప్పినా లాభమే, విప్పినా లాభమే. అతడు షాంపూ కూడా అమ్ముతాడు. ఆడపిల్ల అద్దంలో చూసుకుని రంగు కలిసే గుడ్డ ఎంచుకుంటే అందులో తప్పు వెదికే పని నాది కాదు.

పరీక్ష హాలులో మోసం జరుగుతుందనే వాదం ఒకటి వచ్చింది. వైద్యవిద్య ప్రవేశానికి దేశమంతా రాసే నీట్ పరీక్షలో, మతాచారపు దుస్తులు వేసుకున్నవారిని ముందుగా రమ్మని, తనిఖీ చేసి పంపుతున్నారు. మన ఊరి కాలేజీ పరీక్షకు అంతకన్నా భద్రత కావాలా? ఒక ఆడ ఉద్యోగీ, ఒక తెరా ఉంటే సరిపోతుంది.

నేను ప్రతిపాదించిన సవరణ ఇది. నాలుగో వాక్యం తీసేసి దాని స్థానంలో: ఏ విద్యార్థినినీ తలమీద గుడ్డ ఉన్నదన్న కారణంగా గాని, లేదన్న కారణంగా గాని బడికి, పరీక్షకు, హాస్టలుకు దూరం చేయరాదు, ఇంటివారు గాని మతపెద్దలు గాని బలవంతం చేస్తున్నారని ఏ విద్యార్థిని వచ్చి చెప్పినా ఉపాధ్యాయ సంఘం ఆమె పక్షాన నిలబడాలి, అవసరమైతే ఆమె చదువు ఖర్చు భరించాలి. ఈ చివరి మాట దగ్గర కొందరు ఇబ్బందిపడ్డారు. నిషేధానికి డబ్బు ఖర్చు కాదు, దీనికి అవుతుంది.

సవరణకు ఏడుగురు చేతులెత్తారు. తీర్మానం రాసిన మిత్రుడు ఎత్తలేదు గాని, నాలుగో వాక్యాన్ని ప్రస్తుతానికి ఆపుదామని ఆయనే అన్నాడు. వచ్చే సమావేశంలో అది మళ్ళీ చర్చకు వస్తుంది. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులూ విద్యార్థులూ, ముఖ్యంగా విద్యార్థినులు, ఆ రోజు నాయుడుపేటకు వచ్చి, నాతో ఏకీభవించకపోయినా సరే, మాట్లాడాలని అడుగుతున్నాను. సమావేశం ఉదయం పదిగంటలకు మొదలవుతుంది. తిరుపతినుంచీ నెల్లూరునుంచీ పొద్దున బస్సులున్నవి.